రంగు పట్టని మెదడు: పాల్ ఎర్లిక్ జీవితం



పిల్లలకు నాలుగు రోజులైనా జ్వరం తగ్గకపోతే డాక్టరుగారు ముందుగా రాసే పరీక్ష సీబీపీ. సాయంత్రానికి చేతికి వచ్చే ఆ రిపోర్టులో హిమోగ్లోబిన్ అంకెతో పాటు న్యూట్రోఫిల్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ అనే పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఇవి తెల్లరక్తకణాల్లో రకాలు. ఏ కణం ఏ రంగును పట్టుకుంటుందన్నదాన్ని బట్టి ఈ పేర్లు వచ్చాయి. ఇసిన్ అనే ఎర్రరంగును ఇష్టపడేది ఇసినోఫిల్. క్షార స్వభావం ఉన్న రంగును ఇష్టపడేది బేసోఫిల్. దాదాపు 145 ఏళ్ల కిందట ఈ విభజన చేసిన యువ వైద్యుడు పాల్ ఎర్లిక్. ఈ నెల మన జీవితచిత్రం ఆయనదే.

ఎర్లిక్ జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. శరీరంలోకి వెళ్లిన ఒక పదార్థం ఒకచోట అంటుకుంటుంది, ఇంకొకచోట అంటుకోదు. ఎందుకు? ఆ ప్రశ్న వెంట నడుస్తూ ఆయన మెదడు గురించి ఒక విషయాన్ని సరిగ్గా చూశారు, కానీ దానికి తప్పు కారణం చెప్పారు. సరైన కారణం ఆయన పోయిన చాలా ఏళ్లకు గానీ పూర్తిగా తేలలేదు. అది తేలడానికి పనికొచ్చిన ఆలోచనల్లో ఒకటి మళ్లీ ఆయనదే. మన పిల్లల మెదడుకు ఇనుము ఎలా చేరుతుందో అర్థం కావాలంటే ఈ కథ తెలియాలి.

రంగులు అంటిన బల్ల

పాల్ ఎర్లిక్ 1854 మార్చి 14న ప్రష్యా రాజ్యంలోని స్ట్రెలెన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఆ ఊరు నేడు పోలండ్‌లో ఉంది. వారిది యూదు కుటుంబం. తండ్రి ఇస్మార్ సత్రం నడిపేవారు, మద్యం తయారీ వ్యాపారం కూడా ఉండేది. తల్లి రోసా. తల్లి తరఫు బంధువు కార్ల్ వైగెర్ట్ వయసులో పాల్ కంటే తొమ్మిదేళ్లు పెద్ద. వైద్యుడైన వైగెర్ట్ సూక్ష్మదర్శిని కింద కణాలు స్పష్టంగా కనిపించడానికి కొత్త రసాయన రంగులను వాడి చూస్తుండేవారు. కుర్రవాడైన పాల్‌కు ఆ రంగుల లోకాన్ని చూపించింది ఆయనే.

ఆ రంగులు అప్పటికి చాలా కొత్త. 1856లో లండన్‌లో 18 ఏళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్‌ను తయారు చేయబోయి, అనుకోకుండా ఊదారంగు తయారు చేశారు. బొగ్గు నుంచి వచ్చే తారే దానికి మూలం. కొద్ది ఏళ్లలోనే జర్మనీలో అద్దకపు రంగుల కర్మాగారాలు పెద్ద పరిశ్రమగా ఎదిగాయి. బట్టలకు వేసే రంగులు శరీరంలోని కణాలకు వేస్తే ఏమవుతుందన్నది ఆనాటి వైద్యుల్లో కొద్దిమందికే తట్టిన ఆలోచన.

బ్రెస్లావ్ నగరంలోని హైస్కూల్లో పాల్ లాటిన్, లెక్కలు బాగానే చేసేవారు. భాషలో వ్యాసం రాయమంటే మాత్రం తడబడేవారు. పరీక్షలంటే మొదటినుంచీ గిట్టదు. చివరి పరీక్షలో జీవితం ఒక కల అనే అంశం మీద వ్యాసం రాయమంటే, జీవితమంటే శరీరంలో జరిగే ఆక్సీకరణమనీ, కల అంటే మెదడులో కలిగే ఒక రకం వెలుగు అనీ రాశారని చెబుతారు. కవిత్వం ఆశించిన మాస్టారికి రసాయనశాస్త్రం దొరికింది. ఆ పేపర్‌కు మంచి మార్కులు రాలేదు.

వైద్యవిద్య కోసం బ్రెస్లావ్, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలు తిరిగారు. స్ట్రాస్‌బర్గ్‌లో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ వాల్డయర్ ఒక విషయం గమనించారు. క్లాసులో ఒక్క కుర్రవాడి బల్ల మాత్రం ఎప్పుడూ రంగురంగుల మరకలతో నిండి ఉంటోంది. సిలబస్‌లో లేని పని చేస్తున్నందుకు ఆ ప్రొఫెసర్ మందలించలేదు. ఏం చేస్తున్నావని అడిగి, కొనసాగించమని వదిలేశారు. ఎర్లిక్ జీవితంలో ఇది చిన్న సంఘటనే, కానీ ఆ రోజు బల్ల తుడిపించి ఉంటే తర్వాతి కథ ఎలా ఉండేదో చెప్పలేం.

మరో కథ కూడా ప్రచారంలో ఉంది. సూక్ష్మజీవి శాస్త్రానికి పితామహుల్లో ఒకరైన రాబర్ట్ కాక్ బ్రెస్లావ్‌కు వచ్చినప్పుడు ప్రయోగశాలలో ఒక మూల పనిచేసుకుంటున్న ఎర్లిక్‌ను చూపించి, ఇతను రంగులు వేయడంలో దిట్టే గానీ పరీక్షలు మాత్రం పాసవడని పరిచయం చేశారట. ఎర్లిక్ పాసయ్యారు. 1878లో లైప్‌జిగ్‌లో డాక్టరేట్ కూడా అందుకున్నారు. ఆ సిద్ధాంతవ్యాసం అంశం కూడా కణజాలానికి రంగు వేయడమే.

రక్తపు చుక్కలో లోకం

1878లో బెర్లిన్‌లోని చారిటే ఆసుపత్రిలో చేరారు. అక్కడి పెద్ద డాక్టర్ ఫ్రెరిక్స్ ఆయనకు స్వేచ్ఛ ఇచ్చారు. గాజు పలక మీద పలుచగా పరిచిన రక్తపు చుక్కను వేడితో ఆరబెట్టి, రకరకాల రంగులు వేసి చూడటం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఒకేలా కనిపించిన తెల్లకణాలు రంగు పడగానే వేర్వేరు జాతులుగా విడిపోయాయి. రక్తహీనతలో ఎర్రకణాలు ఎలా మారతాయో కూడా ఇదే పద్ధతిలో చూశారు. నేటి సీబీపీలోని కణాల లెక్కకు పునాది ఇక్కడే పడింది.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ వ్యాధి సూక్ష్మజీవిని కనుగొన్నానని ప్రకటించినప్పుడు ఎర్లిక్ ఆ సభలో ఉన్నారు. ఆ క్రిమికి రంగు వేయడం చాలా కష్టంగా ఉండేది. ఎర్లిక్ వెంటనే పనిలో దిగి ఇంకా మెరుగైన పద్ధతి కనిపెట్టారు. రాత్రి పలకలను ఆరడానికి పొయ్యి మీద పెట్టి వెళితే, తెల్లవారి ఎవరో పొయ్యి వెలిగించారనీ, ఆ వేడికి రంగు మరింత బాగా పట్టిందనీ అంటారు. కఫం పరీక్షలో క్షయ క్రిమిని గుర్తించడానికి నేటికీ ల్యాబుల్లో వాడే పద్ధతి ఆయన పద్ధతి నుంచి వచ్చిందే.

1883లో హెడ్విగ్ పింకస్‌తో పెళ్లయింది. ఆ దంపతులకు స్టెఫనీ, మరియాన్ అనే ఇద్దరు కూతుళ్లు. ఇంట్లో కూడా మాట రసాయనాల మీదకే మళ్లేది. టేబుల్ గుడ్డ మీద, చొక్కా చేతుల మీద కూడా ఆయన రసాయన సూత్రాలు గీసేవారని దగ్గరివారు చెప్పుకొనేవారు.

అన్నీ నీలమయ్యాయి, మెదడు తప్ప

1885లో ఎర్లిక్ శరీరానికి ఆక్సిజన్ అవసరం గురించి ఒక పుస్తకం ప్రచురించారు. దానికోసం ఆయన ప్రయోగాలు చేశారు. చచ్చిన కణానికి కాకుండా, బతికి ఉన్న జంతువు రక్తంలోకే రంగు ఎక్కించారు. రక్తం వెంట రంగు ఒళ్లంతా తిరిగింది. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు ఇలా దాదాపు ప్రతి అవయవానికీ రంగు పట్టింది. మెదడు, వెన్నుపాము మాత్రం చాలా రంగుల విషయంలో తెల్లగానే మిగిలిపోయాయి.

ఇది అసాధారణమైన పరిశీలన. మరి కారణం ఏమిటి? ఎర్లిక్ ఆలోచన ఎప్పుడూ అంటుకోవడం గురించే. పసుపు బట్టకు అంటితే ఎంత ఉతికినా వదలదు, స్టీలు గిన్నెకు అంటితే ఒక్క తోముకి పోతుంది. అది పసుపు లోపం కాదు, పట్టుకునే వస్తువు స్వభావం. మెదడు కూడా స్టీలు గిన్నెలాంటిదే అనుకున్నారు ఎర్లిక్. ఆ రంగులు మెదడు దాకా వెళ్లినా, మెదడు కణజాలానికి వాటిని పట్టుకునే గుణం లేదన్నది ఆయన వివరణ.

వినడానికి సబబుగానే ఉంది. రంగు గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవారు ఆ రోజుల్లో లేరు. అందుకే చాలాకాలం ఆ మాట నిలిచింది. కానీ అది తప్పు.

తాళం, తాళంచెవి

1888 ప్రాంతంలో ఎర్లిక్‌కు క్షయ సోకింది. తాను రంగు వేసి అందరికీ చూపించిన క్రిమే తన ఊపిరితిత్తుల్లోకి చేరింది. పొడి గాలి కోసం ఈజిప్టు వెళ్లి, కోలుకుని తిరిగివచ్చారు. ఉద్యోగం లేదు. బెర్లిన్‌లో ఒక చిన్న సొంత ప్రయోగశాల పెట్టుకుని పని మొదలుపెట్టారు. 1891లో రాబర్ట్ కాక్ తన సంస్థలోకి పిలిచారు.

అప్పట్లో పసిపిల్లల ప్రాణాలు తీసే జబ్బుల్లో కంఠసర్పి ఒకటి. నేడు మనం డిఫ్తీరియా అంటున్నాం. మన పిల్లలకు వేయించే డీపీటీ టీకాలో డీ అక్షరం దానిదే. ఎమిల్ వాన్ బెరింగ్ జంతువుల రక్తం నుంచి దీనికి విరుగుడు సీరం తీయవచ్చని చూపించారు. కానీ ఒక సీసాలోని సీరం బలంగా, మరో సీసాలోనిది నీళ్లలా ఉండేది. ఎంత ఇస్తే పిల్లవాడు బతుకుతాడో చెప్పగలిగే కొలత లేదు. ఆ కొలతను తయారు చేసింది ఎర్లిక్. 1894 నుంచి సీరం మార్కెట్లోకి వచ్చింది. 1901లో వైద్యరంగంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి బెరింగ్ ఒక్కరికే దక్కింది. ఇద్దరి స్నేహం అప్పటికే బీటలువారింది.

సీరాన్ని కొలుస్తున్నప్పుడు ఆయన పాత ప్రశ్నే కొత్త రూపంలో ముందుకొచ్చింది. విషం కొన్ని కణాలనే ఎందుకు పట్టుకుంటుంది? 1897లో ఎర్లిక్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. కణం పైభాగాన ప్రత్యేక ఆకారాలున్న కొక్కేల్లాంటివి ఉంటాయి. తాళంలో దాని చెవి ఒక్కటే సరిపోయినట్టు, ఒక్కో కొక్కేనికి ఒక్కో పదార్థమే సరిపోతుంది. ఇవి విషం కోసం పుట్టినవి కావు, కణం తన ఆహారాన్ని పట్టుకోవడానికి పెట్టుకున్నవి. విషం ఆ దారిని దొంగతనంగా వాడుకుంటుంది. 1900లో వీటికి రిసెప్టర్ అనే పేరు వచ్చింది. అప్పటికి ఒక్క రిసెప్టర్‌ను కూడా ఎవరూ కళ్లతో చూడలేదు. నేడు మనం వాడే మందుల్లో పెద్ద భాగం ఏదో ఒక రిసెప్టర్‌ను చూసుకుని తయారైనవే.

1899లో ఆయన సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారింది. ఆఫీసు గదిలో కుర్చీలు, సోఫా, నేల అంతా కాగితాల గుట్టలే. వచ్చినవారు కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. చేతిలో ఎప్పుడూ చుట్ట. రోజూ పొద్దున ఒక్కో సహాయకుడికి ఆ రోజు ఏం చేయాలో చిన్న రంగు చీటీల మీద రాసి పంపేవారు. 1908లో రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

606, మళ్లీ అదే గోడ

రంగు ఒక క్రిమికే అంటుకోగలిగితే, ఆ రంగుకు విషం తగిలిస్తే క్రిమి చస్తుంది, మనిషికి ఏమీ కాదు. ఈ ఆలోచన ఎర్లిక్‌ను ఏళ్ల తరబడి వెంటాడింది. గురి తప్పని ఆ మందునే ఆయన మాయతూటా అన్నారు. సిఫిలిస్ అనే అంటువ్యాధి అప్పట్లో యూరప్‌లో లక్షల కుటుంబాలను కుంగదీసింది. దానికి మందు కోసం ఆర్సెనిక్ కలిసిన పదార్థాలను ఒక్కొక్కటిగా తయారు చేసి పరీక్షించారు. 606 నంబరు పదార్థాన్ని అంతకుముందే ఒక సహాయకుడు పరీక్షించి పనికిరాదని పక్కన పెట్టేశారు. 1909లో జపాన్ నుంచి వచ్చిన సహాచిరో హటా పాత పదార్థాలన్నింటినీ ఓపిగ్గా మళ్లీ పరీక్షించారు. 606 పనిచేసింది. 1910లో సాల్వర్సాన్ పేరుతో అది లోకానికి అందింది. ఒక క్రిమిని గురిచూసి ప్రయోగశాలలో తయారు చేసిన తొలి ఆధునిక మందుగా దాన్ని చెప్పుకుంటారు.

అయితే ఒక చోట ఆ మందు ఆగిపోయింది. వ్యాధి ముదిరి మెదడుకు చేరినవారిలో రక్తంలోకి ఎక్కించిన సాల్వర్సాన్ ఆశించినంతగా పనిచేయలేదు. 1912లో న్యూయార్క్ వైద్యులు స్విఫ్ట్, ఎలిస్ మరో దారి వెతికారు. మందు తీసుకున్న రోగి రక్తం నుంచి సీరం తీసి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే నేరుగా ఎక్కించి చూశారు. 1885లో రంగు ఎక్కడ ఆగిందో, పాతికేళ్ల తర్వాత మందుకూ అక్కడే అడ్డు తగిలింది.

ఇంతలో ఎర్లిక్ శిష్యుల్లో ఒకరైన ఎడ్విన్ గోల్డ్‌మన్ ఆ పాత ప్రయోగాన్ని తిరగేశారు. ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగును రక్తంలోకి ఎక్కిస్తే గురువుగారు చూసిందే ఆయనకూ కనిపించింది. ఒళ్లంతా నీలం, మెదడు తెలుపు. 1913లో అదే రంగును రక్తంలోకి కాకుండా మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించారు. ఈసారి మెదడు నీలంగా మారింది, మిగతా ఒళ్లు తెల్లగా ఉండిపోయింది.

అంటే మెదడు రంగును పట్టుకోగలదు. స్టీలు గిన్నె పోలిక తప్పు. రక్తానికీ మెదడుకూ నడుమ ఏదో అడ్డుగోడ ఉంది, రంగు దాన్ని దాటలేకపోతోంది. నేటి పాఠ్యపుస్తకాల్లో బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అని చదివేది ఆ గోడ గురించే. గోల్డ్‌మన్ అదే ఏడాది కన్నుమూశారు.

ఎర్లిక్ చివరి ఏళ్లు ప్రశాంతంగా గడవలేదు. సాల్వర్సాన్ వాడకంలో కొందరికి హాని జరిగింది. ఆయన మీద ఆరోపణలు వచ్చాయి, వ్యవహారం 1914లో కోర్టుకెక్కింది. ఆ ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. ఆరోగ్యం దెబ్బతిని 1915 ఆగస్టు 20న బాడ్ హోంబుర్గ్ పట్టణంలో, 61 ఏళ్ల వయసులో చనిపోయారు. నాజీల పాలనలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన పేరున్న వీధి పలకను యూదుడన్న కారణంతో తీసేశారు. భార్య హెడ్విగ్ దేశం విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాక ఆ పేరు తిరిగి వచ్చింది. యూరో రాకముందు చలామణీలో ఉన్న 200 మార్కుల జర్మన్ నోటు మీద ఆయన బొమ్మే ఉండేది.

గోడకు ఉన్న గేటు

గోడ ఎక్కడుందో కళ్లారా చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ రావాల్సి వచ్చింది. 1967లో అమెరికాలో రీస్, కార్నోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు చూపించిన ప్రకారం ఆ గోడ మెదడులోని అతి సన్నని రక్తనాళాలదే. శరీరంలో చాలాచోట్ల ఈ నాళాల గోడల్లో కణాల మధ్య సందులుంటాయి. మెదడులో మాత్రం పక్కపక్క కణాలు కుట్టు వేసినట్టు బిగుసుకుని ఉంటాయి. మన మెదడులోని ఈ నాళాలన్నీ వరుసగా కలిపితే సుమారు 600 కిలోమీటర్లు ఉంటాయని అంచనా. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా అంత దూరం.

ఇంత గట్టి గోడ ఉంటే మెదడుకు కావలసినవి ఎలా అందుతాయి? ఆక్సిజన్ నేరుగా దాటిపోతుంది. గ్లూకోజ్‌కు ప్రత్యేక ద్వారం ఉంది. ఇనుము సంగతి కొంచెం చిక్కు. అది లేకుండా మెదడు కణాలు శక్తిని తయారు చేసుకోలేవు. నాడుల చుట్టూ ఉండే మైలిన్ తొడుగు తయారవడానికీ, ఉత్సాహానికీ ఏకాగ్రతకూ సంబంధించిన డోపమైన్ తయారవడానికీ అది కావాలి. కానీ అదే ఇనుము ఒంటరిగా తిరిగితే కణాలను దెబ్బతీసే రసాయన చర్యలకు దారితీస్తుంది. పార్కిన్‌సన్స్ వంటి వ్యాధుల్లో మెదడులోని కొన్ని భాగాల్లో ఇనుము ఎక్కువగా పేరుకోవడం వైద్యులు గమనించారు. అంటే లోపలికి రావాలి, కానీ లెక్కగా రావాలి.

మన స్కూలు గేటు దగ్గర జరిగేదాన్ని గుర్తు చేసుకోండి. చిన్న పిల్లలు ఒంటరిగా రారు. గుర్తింపు కార్డు ఉన్న పెద్దవారు తీసుకొస్తారు. గేటు దగ్గర కార్డు చూసి బిడ్డను లోపలికి తీసుకుంటారు, తెచ్చినవారు అక్కడినుంచే తిరిగి వెళ్తారు. రక్తంలో ఇనుము కూడా ఇలాగే ప్రయాణిస్తుంది. దాన్ని తీసుకొచ్చేది ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్. ఒక్కో ట్రాన్స్‌ఫెరిన్ రెండు ఇనుము అణువులను పట్టుకోగలదు. మెదడు రక్తనాళాల లోపలి గోడ మీద ఆ ట్రాన్స్‌ఫెరిన్‌ను గుర్తుపట్టే రిసెప్టర్లు ఉంటాయి. 1984లో పరిశోధకులు ఎలుక మెదడు నాళాల్లో వీటిని చూపించారు.

ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌కు తగులుకోగానే, నాళపు కణం ఆ రెంటినీ చిన్న సంచిలా చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచిలో ఆమ్లత పెరుగుతుంది. పట్టు సడలి ఇనుము విడిపోతుంది. ఖాళీ అయిన ట్రాన్స్‌ఫెరిన్ మళ్లీ రక్తంలోకి, తర్వాతి ట్రిప్పుకు వెళ్లిపోతుంది. విడిపోయిన ఇనుము ఫెర్రోపోర్టిన్ అనే మరో ద్వారం గుండా మెదడు వైపుకు దిగుతుంది. కొంత ఇనుము ఇతర దారుల్లో దాటుతుందా అన్న విషయం మీద పరిశోధకుల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది. రిసెప్టరే ముఖ్యమైన గేటు అన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే.

ఒక్కసారి వెనక్కి చూడండి. కణం తన ఆహారాన్ని పట్టుకోవడానికి పైన కొక్కేలు పెట్టుకుంటుందని 1897లో చెప్పింది ఎర్లిక్. మెదడు తెల్లగా మిగిలిందని 1885లో చూసింది కూడా ఎర్లిక్. ఈ రెండూ ఒకే తలుపుకు సంబంధించినవని ఆయనకు తెలియదు. ఆయన రంగులకు ఆ గేటు దగ్గర చూపించే కార్డు లేదు, అంతే.

ఆయన కల కూడా ఇప్పుడు ఆ గేటు దగ్గరే నిజమవుతోంది. హంటర్ సిండ్రోమ్ అనే అరుదైన పుట్టుక జబ్బులో శరీరానికి కావలసిన ఒక ఎంజైమ్ ఉండదు. బయటినుంచి ఇచ్చిన ఎంజైమ్ ఒళ్లంతా చేరినా మెదడుకు చేరేది కాదు. ఆ ఎంజైమ్‌కు ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌ను పట్టుకునే యాంటీబాడీని జతచేసి, ఇనుము వెళ్లే దారిలోనే మెదడులోకి పంపే మందుకు 2021లో జపాన్ అనుమతి ఇచ్చింది. ఎర్లిక్‌కు 606ను వెతికిపెట్టిన హటా దేశంలోనే ఇది జరిగింది.

తల్లిదండ్రులకు రెండు మాటలు

మొదటిది ఆరోగ్యం గురించి. గేటు ఎంత బాగా పనిచేసినా, రక్తంలో ఇనుమే లేకపోతే లోపలికి పంపడానికి ఏమీ ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇది పేదరికం ఉన్నచోటే వచ్చే సమస్య కాదు. పాలు, బిస్కెట్లు, చిప్స్‌తో కడుపు నింపుకునే పిల్లల్లోనూ, నెలసరి మొదలైన ఆడపిల్లల్లోనూ ఇనుము తగ్గడం మామూలే. పసివయసులో ఇనుము చాలనప్పుడు శరీరం ఉన్నదాన్ని ముందుగా ఎర్రరక్తకణాలకే కేటాయిస్తుంది. అందువల్ల హిమోగ్లోబిన్ పడిపోకముందే మెదడుకు కొరత మొదలుకావచ్చు.

త్వరగా అలసిపోవడం, ముఖం పాలిపోవడం, పాఠం మీద మనసు నిలవకపోవడం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం కనిపిస్తే డాక్టరుగారిని కలవండి. అవసరమైతే ఆయన హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా రాస్తారు. ఆకుకూరలు, పప్పులు, నువ్వులు, మాంసాహారులైతే మాంసం, కాలేయం తరచూ పెట్టండి. పప్పులో నిమ్మరసం పిండితే, భోజనం తర్వాత జామకాయ ఇస్తే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే తగ్గుతుంది. ఐరన్ మాత్రలు, సిరప్ మాత్రం సొంతంగా వాడకండి. మోతాదు మించితే చిన్నపిల్లలకు ప్రమాదం. సీసాను పిల్లలకు అందని చోట ఉంచండి.

రెండోది చదువు గురించి. ఎర్లిక్ చూసింది నిజం, చెప్పిన కారణం తప్పు. కారణం తప్పని ఆయన పరిశీలనను కూడా కొట్టేసి ఉంటే, గోల్డ్‌మన్‌కు తిరగేసి చూడటానికి ప్రయోగమే ఉండేది కాదు. స్లిప్ టెస్ట్ పేపర్ ఇంటికి వచ్చినప్పుడు ఎర్ర ఇంకు గీత పడిన జవాబు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అలా ఎందుకు అనుకున్నావని బిడ్డను అడిగి వినండి. కొన్నిసార్లు అజాగ్రత్త బయటపడుతుంది. కొన్నిసార్లు మనం గమనించని విషయాన్ని బిడ్డ గమనించి, కారణం మాత్రం తప్పు రాసిందని తెలుస్తుంది. అలాంటి జవాబు కనిపిస్తే వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ఆ పేపర్ తీసుకురండి. క్లాస్ టీచర్‌తో కూర్చుని దాని గురించి మాట్లాడుకుందాం.